దాటేసిన పరీక్ష

“కింద నీ పేరు పెట్టావు చూడు, ముందది చెరిపెయ్. చెరిపేకే నాతో మాట్లాడు. అబద్ధానికి సంతకమేటయ్యా, సిగ్గులేదా?”

తన శిష్యుడు లాజరు లోపలికి రాగానే పైడయ్య మేష్టారు అన్న మాట ఇది. మేష్టారు శ్రీకాకుళంలో ఒక అరుదైన పని నేర్పుతారు. కోడ్ అందరికీ ఉచితంగా ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్‌ను, కొద్దిమందే వాడే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేలా మార్చే పని. పోర్ట్ చేయడమంటారు. ఆ సిస్టమ్ ఎంత పాత కంప్యూటర్‌నైనా నడిపిస్తుంది, అందుకే కొత్తది కొనలేనివాళ్లు దాన్ని పట్టుకుని ఉన్నారు. పోర్ట్ చేసినవాడు సాఫ్ట్‌వేర్‌తో వచ్చే, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నీ నడపాలి, అన్నీ నెగ్గితే ఆ మాట రాసి కింద పేరు పెట్టాలి. అలా పేరు పెట్టినవి ఒక జాబితాలో చేరతాయి, జనం ఆ మాటనే నమ్మి అక్కణ్ణుంచి తీసుకుంటారు. లాజరు తెచ్చినదానిలో నూట నలభై పరీక్షలకు ఒకటి తప్పింది. ఆ ఒక్కదాన్ని నడపకుండా దాటేలా కోడ్‌లో ఒక వరస రాసి, అన్నీ నెగ్గాయని పేరు పెట్టాడు.

“ఒక్కటే కదా మేష్టారూ. వాడేదే గుప్పెడుమంది. ప్రోగ్రాంలో ఆ మూలకి ఎవరెళ్తారు?” అన్నాడు లాజరు.

మేష్టారు వాదించలేదు. సోమేశ్వర్ సంగతి చెప్పారు.

సోమేశ్వర్ ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాడు. పదహారు సాఫ్ట్‌వేర్లు పోర్ట్ చేశాడు. పదిహేడోది ఫైళ్లకు నకలు తీసి దాచేది. తెలుగులో పేరున్న ఫైలును నకలు నుంచి వెనక్కి తెచ్చే పరీక్ష దగ్గర అది తప్పింది. రెండు రోజులు తంటాలు పడ్డాడు, విసిగాడు, ఆ పరీక్షను దాటేశాడు. అన్నీ నెగ్గాయని రాసేశాడు.

కళింగపట్నంలో అచ్యుతాంబ గారని ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఆ మాట చదివి, దాన్ని తన కంప్యూటర్లో పెట్టుకున్నారు. ఆమె పదకొండేళ్లుగా రేవుల వెంట తిరిగి, వేటకు వెళ్లేవాళ్ల నోట గాలుల పేర్లు, నీటి వాలుల పేర్లు, వలల పేర్లు విని పాత కంప్యూటర్లో ఎక్కించుకుంటున్నారు. ప్రతి ఫైలుకూ తెలుగులోనే పేరు. ప్రతి శనివారం శ్రద్ధగా నకలు తీసేవారు. ఒకనాడు డిస్కు పోయింది. నకలు నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. పేర్లన్నీ వరసగా వచ్చాయి. లోపల ఒక్క అక్షరం లేదు.

ఆమె సోమేశ్వర్‌కు ఫోన్ చేశారు. “అన్ని పరీక్షలూ నెగ్గిందని రాశారు కదా బాబూ, నేనే ఎక్కడో తప్పు నొక్కి ఉంటాను. ఏం నొక్కానో కాస్త చెప్తారా? చెప్పిన ముసలివాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు, మళ్లీ అడుగుదామన్నా.”

వాడు అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. “తెలుగు పేర్లు పెట్టకూడదమ్మా. మీరు చూసుకోవద్దా?” అన్నాడు.

ఆమె నమ్మారు. తెలియక చేశాను, మిగతావాళ్లను హెచ్చరించండని, అతని గురువని తెలిసి మేష్టారికి క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదివి మేష్టారు పదిహేడో పోర్ట్ తెరిచి, వరస వరసా చూసుకుంటూ పోయారు. దాటేసిన చోటు దొరికింది.

ఆ మధ్యాహ్నమే సోమేశ్వర్ పేరున్న పదిహేడు పోర్టులూ జాబితాలోంచి పోయాయి. ఆరేళ్ల పని. వాడు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. మిగతా పదహారూ నిజాయితీగా చేశాను, నడిపి చూడండి అని బతిమాలాడు. ఆ తరువాత వాడు పంపినదాన్ని ఎవరూ తెరవలేదు.

లాజరు, “ఆ పదహారూ నిజంగా బాగుండేవా మేష్టారూ?” అని అడిగాడు.

“ఒక్కొక్కటే నడిపి చూశాను. దేనిలోనూ తప్పు లేదు,” అన్నారు మేష్టారు. “అయినా జాబితాలోంచి తీసేసింది నేనే.”