కంచె లోపలి మజ్జిగ

విజయగిరి రాజ్యంలో పడవల రేవు చుట్టూ కంచె ఉండేది. పడవ వచ్చేదాకా ప్రయాణికులు ఆ కంచె లోపలే కూర్చోవాలి. బయటి తిండీ నీళ్లూ లోపలికి తేకూడదని రేవు అధికారి భుజంగరాయుడి ఆజ్ఞ. లోపల ఉన్న ఒకే ఒక మజ్జిగ కొట్టు కూడా అతనిదే. బయట గవ్వకు దొరికే ముంతెడు మజ్జిగ అక్కడ వరహా పలికేది. అదేమని అడిగితే, "ఇష్టం లేకపోతే తాగకండి" అనేవాడు.

ఒకరోజు మేకలు కాసుకునే సోమక్క తన నాలుగు పాడి మేకలకూ రాజుగారి ఖజానాకు చేరే సుంకం కట్టి లోపలికి తోలుకొచ్చింది. దాహంతో ఏడుస్తున్న పిల్లలను చూసి, పాలు పితికి అందరికీ ఊరికే పోసింది. కొట్టు వైపు ఎవరూ వెళ్లలేదు.

రాయుడు పరుగున వచ్చాడు. "బయటి పాలు లోపలికి ఎలా తెచ్చావే?"

"బయట ఇవి మేసింది గడ్డి, దొరా. పాలు మీ కంచె లోపలే పితికాను."

"అయితే రేపటినుంచి మేకలను రానివ్వను."

"అలాగే దొరా. మేకల సుంకం ఏమైందని రాజుగారు అడిగితే మీరే చెప్పుకోండి."

రాయుడు అప్పటికప్పుడే మజ్జిగ ధర గవ్వకు దించాడు. అందరికంటే ముందు గవ్వ పట్టుకుని వచ్చింది సోమక్కే.

"ఇన్ని మేకలున్నాయి, నీకు మజ్జిగెందుకు?" అన్నాడు రాయుడు.

"నాకు మేకపాలు పడవు, దొరా."