తులసి పుల్ల తీసిన పెట్టె

భాష్యంగారికి పొద్దున్నే ఒక అలవాటు ఉండేది. స్నానం, జపం ముగించుకుని, కష్టాలు చెప్పుకునే జనం రాకముందే అరుగు మీద కూర్చుని ఏదో ఒక చిక్కు ముందేసుకునేవారు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న ఇనుప కమ్మీలు, విప్పితే మళ్ళీ కూర్చడం ఎవరి తరమూ కాని కొయ్య ముక్కలు, తునకలన్నీ కలిపితే గాని బొమ్మ కనపడని అట్టపెట్టెలు. వేరే మఠాలకు భక్తులు పళ్ళు తీసుకెళ్తారు, పెన్న ఒడ్డున ఉన్న ఆయన చిన్న మఠానికి ఇవి తెచ్చేవాళ్ళు. ఏది చేతికిచ్చినా ఆయన ముందుగా దాన్ని తలకిందులు చేసి చూసేవారు.

శిష్యుడు వేదగిరికి ఈ అలవాటు మింగుడుపడేది కాదు. మఠంలో దీపపు కుందె దగ్గర్నుంచి పూజ సామాను దాకా అన్నీ అతని చేతుల మీదుగా జరిగేవి. ఏ వస్తువైనా ఉండాల్సిన చోట లేకపోతే ఆ పూట అతనికి అన్నం సహించదు. అలాంటివాడి నెత్తిన చెల్లెలు తాయారు పెళ్ళి పడింది. తల్లీ తండ్రీ లేరు, చూసుకోవాల్సింది అతనొక్కడే. పెళ్ళికి ముందురోజు పొద్దున గురువుగారు తాపీగా కమ్మీలు తిప్పుకుంటూ కూర్చోవడం చూసి ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, మనిషికి బతుకులో ఉండే చిక్కులు చాలవా? పనిగట్టుకుని తెచ్చుకుని మరీ వీటితో కుస్తీ దేనికి?"

ఆయన తలెత్తకుండానే "ముందు పెళ్ళి కానీవయ్యా" అన్నారు.

ఆ మఠంలో పెళ్ళిళ్ళకు ఒక ఆచారం ఉంది. మఠం స్థాపించిన మొదటి గురువు తన చేత్తో చేసిన చెక్క పెట్టె ఒకటి పూజగదిలో ఉంటుంది. దాని మూత మీద పాదాలు చెక్కి ఉంటాయి. ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురి మంగళసూత్రం అందులో పెట్టి, తెల్లారి తీసి పీటల దగ్గరికి తెస్తారు. అది పక్కకు జరిపే మూత. దాన్ని చివరిదాకా తోయకుండా ఒక తులసి పుల్ల అడ్డం పెట్టి ఆపుతారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పగలిగినవాళ్ళూ లేరు.

వేదగిరి కూడా పద్ధతి ప్రకారం పుల్ల అడ్డం పెట్టాడు. కానీ లోపలున్నది పోయిన తల్లి మంగళసూత్రం. తాయారు మెడలో అదే పడాలని ఇద్దరూ ఎన్నాళ్ళుగానో అనుకున్నది. మూత సందులోంచి అది తళుక్కుమంటుంటే అతని మనసు నిలవలేదు. మఠం నిండా చుట్టాలు, ఎవరి చేయి ఎలాంటిదో ఏం తెలుసు? ఎలక లాక్కుపోతేనో? అటూ ఇటూ చూసి, పుల్ల తీసేసి, మూత గట్టిగా చివరిదాకా తోశాడు. లోపల టక్కుమంది. హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారాక మూత కదలలేదు. లాగాడు, తోశాడు, అంచున గోళ్ళు విరిగాయి. ముహూర్తం దగ్గరపడుతోంది. పెట్టె తెరుచుకోవడం లేదన్న సంగతి పందిట్లోకి పాకింది. పెళ్ళికొడుకు మేనమామ వడ్రంగిని ఉలి తెమ్మని కేకేశాడు. పెద్దలు గురుపాదాల మీద ఉలి పెడతారా అని ఆయన మీద లేచారు. "పెళ్ళి పూట పెట్టె బిగుసుకుపోవడం ఏం శకునమో ఏమో!" అని పెళ్ళికొడుకు మేనత్త అందరికీ వినపడేలా గొణిగింది. పసుపు కొమ్ము కట్టించి కానిచ్చేద్దామని ఇంకెవరో అన్నారు.

"అమ్మది లేకుండా నేను పీటల మీద కూర్చోను, అన్నా" అంది తాయారు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసేసరికి వేదగిరి ఇక ఆగలేకపోయాడు. పుల్ల తీసింది తనేనని ఇంకా ఎవరికీ తెలియదు. అది అతని పంచె కొంగులోనే ఉంది. చెల్లెల్ని పూజగదిలోకి తీసుకెళ్ళి, కొంగు ముడి విప్పి చూపించాడు.

తాయారు దాన్ని చూసింది, అన్నను చూసింది. "సరేలే, ఇప్పుడు తియ్యి" అంది.

అతను పెట్టెను ఎప్పటిలాగే రెండు అరచేతుల మీద సమంగా ఎత్తాడు. కంగారులో పెట్టె ఒక పక్కకు వాలింది. మూతలో ఏదో చిన్నగా కదిలింది. మళ్ళీ వాల్చాడు. మళ్ళీ కదిలింది. చెవి ఆనించి, ఇంకొంచెం వాల్చి విన్నాడు. మూత లోపల సన్నని మేకులేవో ఉన్నాయి, చివరిదాకా తోసినప్పుడు కిందికి జారి పెట్టెలో దిగబడ్డాయి. వాల్చినప్పుడల్లా పైకి రాబోయి ఆగుతున్నాయి. ఆ కాసేపు అతనికి బయటి మేళం వినిపించలేదు, మేనత్త గుర్తుకు రాలేదు.

ఏం చేయాలో తెలియగానే భయం రెట్టింపైంది. పెట్టెను పూర్తిగా తిరగెయ్యాలి. తను ఇన్నేళ్ళుగా ఒరగనివ్వకుండా మోసిన పాదాలు నేలను చూడాలి. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే అంత అపచారమా? దాని ఫలం చెల్లెలికి తగిలితే? గుమ్మంలో భాష్యంగారు నిలబడి ఉన్నారు.

"స్వామీ, తలకిందులు చెయ్యాలి" అన్నాడు.

"పాదాలు చెక్కిందీ, ఈ బిగింపు పెట్టిందీ ఒక్కరే కదయ్యా" అన్నారాయన.

వేదగిరి కళ్ళు మూసుకుని పెట్టెను తిరగేశాడు. లోపల టక్కుమంది. తాయారు కొంగు పట్టింది. మూత వెన్నలా జరిగింది, తల్లి మంగళసూత్రం వచ్చి కూతురి కొంగులో పడింది. ముహూర్తం దాటలేదు.

మర్నాడు పొద్దున వేదగిరి అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెల్లెల్ని పంపించి వచ్చిన దిగులు, పాదాలను తిరగేసిన భయం రెండూ అతని ముఖంలో ఉన్నాయి. ఆమె అక్కడ ఎలా ఉంటుందో, మేనత్త ఏమంటుందో అని మొదలుపెట్టి ఆపలేకపోయాడు. భాష్యంగారు అంతా విన్నారు. విని, చేతిలోని కమ్మీలను తలకిందులు చేసి చూశారు.

"మొన్న అడిగావు కదా" అన్నారు. "ఇవి చేసినవాడు విప్పే దారి లోపల పెట్టే చేశాడు. పొద్దున్నే ఆ మాట నా చేతులకు ఒకసారి గుర్తు చేస్తాను, వేదగిరీ. ఆ తరవాతే మీ చిక్కులు వినడానికి నాకు ధైర్యం వస్తుంది."