కుండకు ఇచ్చిన చెవి

ఊఁ కొడతావా, బుజ్జీ? ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో కుమ్మరుల వాడ. ఆ వాడలో పది కుటుంబాలకు కుండలు కాల్చే ఆవం ఒకటే. ఆ ఆవానికి అప్పలకొండ మేస్త్రీ. పని పంచేది అతడే, సరుకు మంచిచెడ్డలు తేల్చేది అతడే.

కాలిన ప్రతి కుండనూ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టేవాడు. ఖంగుమంటే సంతకు, బొద్దుమంటే పెంటకు. అంతసేపూ వాడంతా ఊపిరి బిగబట్టాలి. మనుషులు మాట్లాడితే మాత్రం సగంలోనే "ఊఁ, తెలుసులే" అనేవాడు.

ఒక వేసవిలో కొత్త గోతినుంచి మట్టి తెచ్చారు. మట్టి తొక్కే నూకాలు అతడి దగ్గరకు వచ్చింది.

"మేస్త్రీ, ఈ మట్టిలో..."

"ఊఁ, తెలుసులే. జిగురు తక్కువ. ఇంకాస్త తొక్కు పిన్నీ."

అప్పుడు కాల్చిన కుండలన్నీ ఖంగుమన్నాయి. సంతకు వెళ్ళిన మూడో రోజున పెచ్చులూడి తిరిగొచ్చాయి.

ఆ తర్వాత నూకాలు మళ్ళీ వచ్చింది.

"మేస్త్రీ, నా కాలికి..."

"ఊఁ, తెలుసులే. కాలు నొప్పి. రేపు రావద్దు."

రెండోసారి కాల్చినవీ అంతే అయ్యాయి. "అవి కుండలు కావు, అప్పలకొండ అప్పడాలు!" అని సంతలో నవ్వారు.

ఇక మిగిలినవి ఇంకొక్కసారి కాల్చడానికి సరిపడే కట్టెలు. అదీ పోతే పది కుటుంబాలూ వాడ విడిచి కూలికి పోవాలి.

అప్పుడు నూకాలు మూడోసారి వచ్చింది. అతడి చేతిలో ఒక కుండ పెట్టింది.

"ఇది మంచిదో, బీట పడ్డదో, మాట్లాడుతూనే కొట్టి చెప్పు నాయనా."

"ఇదేం పరీక్ష పిన్నీ? నోరు మూసుకోకుండా ఎలా వినపడుతుంది?"

తను అన్న మాట తన చెవినే పడింది. కుండ మూతిని అరచేత్తో మూసి, కింద కూర్చున్నాడు.

"మట్టిలో సున్నపు పలుకులున్నాయి. తొక్కుతుంటే కాలికి గుచ్చుకుంటున్నాయి. కాలిన తర్వాత గాలి తడికి ఉబ్బి, కుండను పెచ్చులెత్తిస్తాయి" అంది నూకాలు.

ఆమె ఆగింది. అతడు ఇంకా ఆగాడు. అప్పుడు అసలు ఉపాయం బయటికి వచ్చింది.

"మట్టిని నీళ్ళలో కలిపి, పాత చీరలో వడకడితే పోతాయి నాయనా."

అలాగే వడకట్టారు, కాల్చారు. మూడో రోజు గడిచింది, ఆరో రోజూ గడిచింది. ఒక్క కుండా తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎవరు మాట మొదలుపెట్టినా, మేస్త్రీ అరచెయ్యి ఒక కుండ మూతి మీదకు వెళ్ళేది.

కథ కంచికి చేరింది, కుండ నీట నిండింది,
మాట మదిని దిగింది, మనకు నిద్ర వచ్చింది.

నాకు ఈ కథ మొదట చెప్పింది మా నాయనమ్మ. ఆవిడ పేరు నూకాలు. మధ్యలో అడ్డొస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పేది.