గవ్వలరేవులో నూకాలు కొన్న వాటాలు

ఏ రాజు ఏలుతున్నాడో ఇప్పుడెవరికీ గుర్తులేనంత పాతకాలంలో, సముద్రపు ఒడ్డున గవ్వలరేవు అనే పట్నం ఉండేది, పిల్లలూ.

ఆ రేవు నుంచి ఓడలు దూరదేశాలకు వెళ్లేవి. ఓడను నడపడానికి ఒక్కరి సొమ్ము చాలదు. అందుకని ఒక్కో ఓడను నూరు వాటాలు చేసి, రేవులోని రాతి అరుగు మీద అమ్మేవారు. ఓడ లాభంతో తిరిగొస్తే వాటాదారులందరికీ లాభం. మునిగితే అందరికీ నష్టం. ఓడ సముద్రం మీద ఉండగానే వాటాలు చేతులు మారేవి. మంచి కబురొస్తే ధర పెరిగేది. చెడ్డ కబురొస్తే పడిపోయేది.

ఆ పట్నంలో బొల్లన్న అనే అద్దకం పనివాడికి నూకాలు ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్ల పిల్ల. నీలిమందు తొట్టిలో బట్టలు ముంచి ముంచి ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. తండ్రీ కూతుళ్లు ఒకరి దగ్గర తొట్టి అద్దెకు తీసుకుని పనిచేసేవారు. సొంతంగా ఒక అద్దకపుశాల కట్టాలని నూకాలు కోరిక. అందుకోసం మూడేళ్లలో నలభై వెండి రూకలు దాచింది.

ఒకనాడు రత్నాకరం అనే వర్తకుడు కొత్తగా బంగారు పూత పూసిన ఓడను రేవులో నిలిపాడు. ఆరు నెలల్లో రూకకు రెండు రూకలు వస్తాయని చాటించాడు. జనం అరుగు దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు.

నూకాలు స్నేహితురాలు చిలకమ్మ పరుగున వచ్చింది. "నేను కొనేశానే. సాయంత్రానికి ఒక్క వాటా కూడా మిగలదట" అంది.

"ఓడ సంగతి నీకేం తెలుసమ్మా?" అని బొల్లన్న అడిగాడు.

నూకాలు వినలేదు. ముప్పై రూకలు పెట్టి వాటాలు కొంది.

ఓడ బయలుదేరిన నాలుగో రోజున, గాలి లేదు, వాన లేదు, నిలకడగా ఉన్న నీళ్లలోనే మునిగిపోయింది. నావికులను జాలరులు ఒడ్డుకు చేర్చారు. ఓడను మాత్రం ఎవరూ తేలేకపోయారు.

ముప్పై రూకలూ పోయాయని నూకాలు రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు లేచి, ముఖం కడుక్కుని, ఓడలు కట్టే చోటికి వెళ్లింది. అక్కడ పైడన్న అనే ముసలి వడ్రంగి ఓడ అడుగుకు వేసే చెక్క పలకను చెక్కుతున్నాడు.

"తాతా, ఓడను చూడ్డం నాకు నేర్పు."

"మునిగాక వచ్చావా?"

"మునిగింది కాబట్టే వచ్చాను."

ఆయన ఉలి పక్కన పెట్టాడు. "వాటా కొనేముందు ఏం చూశావు?"

"బంగారు పూత చూశాను. జెండా చూశాను. ఎగబడే జనాన్ని చూశాను."

"ఆ మూడూ నీళ్లకు పైనే ఉన్నాయి. నీళ్ల కింద ఏముందో చూడాలి తల్లీ."

ఆ రోజు నుంచి ఏడాది పాటు, పని ముగిశాక, నూకాలు అక్కడికే వెళ్లింది. పురుగు తిన్న పలక ఎలా ఉంటుందో వేలితో నొక్కి తెలుసుకుంది. ఓడ నడిపేది ఎవరు, ఏ సరుకు వేస్తున్నారు, దాన్ని అవతల కొనేదెవరు అని అడగడం నేర్చుకుంది.

పైడన్న మరొక మాట కూడా చెప్పాడు. "ఆరు నెలల తిండికి సరిపడా సొమ్ము ఇంట్లో ఉంచు. రేపటి కూటికి కావలసిన రూకను సముద్రం మీదికి పంపకు."

నూకాలు అలాగే చేసింది. ఆపైన సంపాదనలో మిగిలిన దాంట్లోంచి నెలకు ఒకటో రెండో రూకలు కూడబెట్టి, ఉప్పు ఓడలో కొంత, బట్టల ఓడలో కొంత, బియ్యపు ఓడలో కొంత వాటా కొంది.

రెండేళ్లు గడిచాయి. కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చింది. ఓడలన్నీ మునిగాయని పట్నమంతా కబురు. పది రూకల వాటా రెండు రూకలకు పడిపోయింది.

చిలకమ్మ మళ్లీ పరుగున వచ్చింది. "అందరూ అమ్మేస్తున్నారే. ఈ రెండైనా దక్కించుకో."

"మునిగిన ఓడను చూసినవాళ్లు ఎవరు?"

"ఎవరో చూశారట."

నూకాలు తన భయాన్ని చిలకమ్మతో దాచలేదు. "నాకూ భయంగానే ఉంది. కానీ ఆ మూడు ఓడల అడుగు నేను చూశాను. అవి వెళ్లింది మూడు వేరువేరు దారుల్లో. ఇంట్లో బియ్యం ఉంది. నేను అమ్మను."

నలభై రోజులు ఎదురుచూసింది. బియ్యపు ఓడ రాతికి కొట్టుకుని పగిలింది, ఆ సొమ్ము పోయింది. ఉప్పు ఓడా బట్టల ఓడా ఆలస్యంగా వచ్చాయి. పోయింది పోగా మంచి లాభమే మిగిలింది. నూకాలు మాటకు పట్నంలో విలువ పెరిగింది.

అప్పుడు రత్నాకరం ఆమె దగ్గరకు వచ్చాడు. ఇంకో ఓడకు పూత పూయించాడు.

"అమ్మాయీ, నీ మాట జనం నమ్ముతారు. అరుగు మీద నిలబడి, నేనూ వాటా కొన్నానని ఒక్క మాట చెప్పు. నూరు రూకలిస్తాను."

నూకాలు వెళ్లి ఓడ అడుగు చూసింది. పలకలు పుచ్చిపోయి ఉన్నాయి.

"నేను చెప్పనండి" అంది.

"మీ తొట్టికి వచ్చే బట్ట దాదాపు అంతా నాదే. అది గుర్తుంచుకో."

ఆమె ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. బొల్లన్న తన నీలి చేతులు చూసుకున్నాడు. "చేతులున్నాయి కదా. వేరే బట్ట వెతుక్కుందాం" అన్నాడు.

మర్నాడు పొద్దున నూకాలు అరుగెక్కింది. "ఈ ఓడను పొగిడితే నాకు నూరు రూకలిస్తామన్నారు. నేను ఒక్క వాటా కూడా కొనలేదు. నా మాట కూడా ఊరికే నమ్మకండి. నీళ్లు వెనక్కి తగ్గాక వెళ్లి మీ కళ్లతో చూడండి."

జనం వెళ్లారు. ఒక నావికుడు కర్రతో పొడిస్తే పలకలోంచి కర్ర అవతలికి పోయింది. ఆ రోజు అరుగు మీద ఒక్క వాటా అమ్ముడుపోలేదు.

రత్నాకరం తన బట్టంతా వెనక్కి తీసుకున్నాడు. ఐదు నెలల పాటు ఆ ఇంట్లో దాచిన సొమ్ముతోనే పొయ్యి వెలిగింది. నూకాలు ఊరూరా తిరిగి పని అడిగింది. చివరికి ఉప్పు ఓడ యజమాని తన తెరచాపలన్నీ రంగు అద్దడానికి ఆమెకే ఇచ్చాడు. తర్వాత మరొకరు వచ్చారు. మరో ఆరేళ్లకు, ఆ సంపాదనతోనూ వాటాల లాభంతోనూ, ఆమె ఎనిమిది తొట్ల అద్దకపుశాల కట్టింది.

కాబట్టి పిల్లలూ, తెలుసుకోనిదే సొమ్ము పెట్టకూడదు, తెలుసుకుని పెట్టాక వదంతికి బెదరకూడదు, తనకు తెలిసిన నిజాన్ని ఎంత ధరకూ అమ్మకూడదు.