తాతగారి గునపం

దసరా వస్తోందంటే చాలు, కోనగిరి రాజు జగ్గభూపతికి తలనొప్పి పట్టుకునేది. ఏ రాజైనా ఆయుధపూజలో కత్తి పెడతాడు. కోనగిరిలో మాత్రం పీట మీద తాతగారి గునపం ఉంటుంది. కరువు ఏట ఆయన కూలీలతో కలిసి దానితోనే కాలువ తవ్వాడు.

"ఈసారి పూజకు పొరుగు రాజు వస్తున్నాడు. మా తాత మట్టి తవ్వాడని చెప్పుకోనా? పండగనాటి తోలుబొమ్మలాటలో తాత కత్తి పట్టి బ్రహ్మరాక్షసుణ్ణి నరకాలి!" అన్నాడు రాజు.

"చిటికెలో పని ప్రభూ!" అన్నాడు ఆస్థానకవి శేషావధాని.

బొమ్మలాడించే సుంకన్న మొండికేశాడు.

"మీ తాతగారి బొమ్మ మా తాత కోసింది దొరా. పెద్దదొరను కళ్లారా చూసి, చేతిలో గునపం పెట్టాడు. నేను కత్తి పెట్టను."

"అయితే పండగ మర్నాడే పెట్టె సర్దుకుని పొలిమేర దాటు!" అన్నాడు రాజు.

రాజుకు తాంబూలం అందించే లచ్చన్న ఇదంతా విన్నాడు. సాయంత్రం సుంకన్న ఇంటికి వెళ్లాడు.

"మామా, కత్తి బొమ్మ కొత్తది కోసెయ్. పాతది మాత్రం చేతికందేలా ఉంచుకో."

అక్కణ్ణించి కవి దగ్గరికి పోయాడు.

"అవధానిగారూ, ఒక్క రాక్షసుడేనా? చిందిన రక్తపు బొట్టుకో రాక్షసుడు లేస్తే జనం హడలిపోరూ!"

"నేనూ అదే అనుకుంటున్నానోయ్," అని అవధాని అప్పటికప్పుడే పద్యాలు కట్టేశాడు.

పండగ నాడు తెర వెనక దీపాలు వెలిగాయి. తాతగారు కత్తి దూశాడు. రాక్షసుడి చెయ్యి తెగింది. ఇద్దరు లేచారు. వాళ్లను నరికితే నలుగురు. కాసేపటికి తెర నిండా కోరలే! తాతగారు ఓ మూలకు నక్కాల్సి వచ్చింది.

పొరుగు రాజు మీసాల చాటున నవ్వాడు.

"అవధానీ, చంపించవయ్యా!" అన్నాడు జగ్గభూపతి, చెమట తుడుచుకుంటూ.

"నరుకు సుంకన్నా, ఇంకా నరుకు!" అని అరిచాడు అవధాని.

"నరికితే ఇంకా పుడతారు సామీ, తమరి పద్యమేగా!" అని తెర వెనక నుంచి జవాబు.

ఇంతలో తెర మీదికి కేతిగాడు గెంతాడు. ఆ హాస్యపు బొమ్మ రాజునైనా ఆటపట్టించవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. గొంతు మాత్రం లచ్చన్నది.

"ఓ రాజా! మీ తాతను కత్తితో పంపితే ఇంతేగా మరి! రక్తం చిందకుండా పని ముగించే ఆయుధం మీ పూజాపీట మీదే ఉంది."

"ఏమిట్రా అది?"

"గొయ్యి తవ్వి పాతేస్తే రక్తం ఎక్కడిది రాజా?"

జగ్గభూపతి సింహాసనం దిగి తెర దాకా పరుగెత్తాడు.

"గునపం! మా తాతకు గునపం ఇవ్వండిరా!"

సుంకన్న పాత బొమ్మ సిద్ధంగానే ఉంది. గునపం నేలలో దిగింది. రాక్షసులు ఒక్కొక్కరే గోతిలో పడ్డారు. జనం ఈలలకు పందిరి ఎగిరిపోయినంత పనైంది.

"మా ఇంట ఇలాంటి ఆయుధం లేదే!" అన్నాడు పొరుగు రాజు.

జగ్గభూపతి పడీపడీ నవ్వాడు. కాలువ కింద మాగాణి సుంకన్నకు రాసిచ్చాడు. అవధానికని తెప్పించిన పట్టుశాలువా లచ్చన్నకు కప్పబోయాడు.

లచ్చన్న చేతిలోని కేతిగాడు చేతులు చాచాడు.

"ముందు నాకు కప్పండి రాజా, మాట నాది!"