తడి ఫ్లాస్కు

భ్రమరాంబకి లెక్క తప్పదు. ఆసిడ్ ఇంత, క్షారం ఇంత అని బోర్డు మీద రాయడమే ఆలస్యం, జవాబు చెప్పేసేది. తప్పుతున్నదల్లా ల్యాబులోనే. అందరికీ పంతొమ్మిది పాయింట్ ఎనిమిది మిల్లీలీటర్ల క్షారం పడగానే ఫ్లాస్కులోని ఆసిడ్ తీరిపోయి గులాబీ రంగు వచ్చేస్తోంది. ఈమెకు మాత్రం ఒకసారి ఇరవైన్నర, ఇంకోసారి ఇరవై పాయింట్ మూడు.

అనుమానం పెనుభూతం అంటారు. ఈ పిల్ల దాన్ని కూర్చోబెట్టి మేపింది. హాస్టల్లో కూర వాసన చూసిగానీ ముద్ద ఎత్తేది కాదు. పక్క బల్ల అమ్మాయి నవ్వితే తన రీడింగు చూసే నవ్విందనుకునేది. మూడు రోజులు అందరినీ కనిపెట్టి చూసి, చివరికి దొంగ దొరికాడనుకుంది. అటెండరు సన్యాసయ్య!

బల్లబల్లకీ ఆసిడ్ సీసా నింపిపెట్టేది ఆయనే. పోయిన వారం గాజు గొట్టం పగలగొట్టావని ఆయన నలుగురిలో అన్నాడు, ఈమె ఎదురు చెప్పింది. ఆ కక్ష కొద్దీ తన సీసా ఒక్కటీ ఘాటుగా కలుపుతున్నాడు. లేకపోతే తనకొక్కదానికే క్షారం ఎక్కువెందుకు పడుతుంది? 'సన్యాసయ్య నా ప్రయోగంలో ఆసిడ్ ఎక్కువయ్యేలా చేస్తున్నాడు' అని ప్రిన్సిపాలుగారికి అర్జీ రాసేసింది. సన్యాసయ్యది టెంపరరీ ఉద్యోగం. ఇలాంటి కాగితం ఒక్కటి పైకి వెళ్తే మర్నాడు గేటు దాటి లోపలికి రానివ్వరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

అర్జీ పైకి పోవాలంటే కెమిస్ట్రీ చెప్పే వీరభద్రం మాస్టారి సంతకం కావాలి. ఆయన రెండుసార్లు చదివి, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. ఒక్కసారి తన ఎదుట చేసి చూపించమన్నారు.

మాస్టారు కూడా సన్యాసయ్య మనిషేనా అని భ్రమరాంబకి అప్పుడే గుచ్చుకుంది. ఇద్దరిదీ ఒకే ఊరని ఎవరో అన్నట్టు గుర్తు. సింకు దగ్గర సన్యాసయ్య తలెత్తకుండా టెస్టుట్యూబులు కడుక్కుంటున్నాడు. తప్పు చేసినవాడు తలెలా ఎత్తుతాడు అనుకుంది.

క్షారం పోసే బ్యూరెట్టును క్షారంతోనే కడిగి నింపింది. ఆసిడ్ కొలిచే పిపెట్టును ఆసిడ్‌తో కడిగింది. ఫ్లాస్కును నీళ్ళతో కడిగింది. అక్కడితో ఆగితే భ్రమరాంబ ఎందుకవుతుంది? లోపలి తడిని నమ్మలేక, సీసాలోంచి కాస్త ఆసిడ్ పోసి, అంతటా తిప్పి, పారబోసింది. అడుగున కాసిని చుక్కలు నిలిచాయి. పిపెట్టు అందుకోబోతుంటే మాస్టారు ఆ ఫ్లాస్కు తీసుకుని, మూడుసార్లు నీళ్ళతో కడిగి, కారుతున్నదాన్ని కారుతున్నట్టే తెచ్చి ఇచ్చారు.

“తడిగా ఉంది సార్. ఆసిడ్ పల్చనైపోతుంది,” అంది.

మాస్టారు డిస్టిల్డ్ వాటర్ సీసా తీసి ఇంకో అరగ్లాసు నీళ్ళు అందులోకి వంపారు.

భ్రమరాంబకి ఒళ్ళు మండిపోయింది. కావాలనే చెడగొడుతున్నారు, వాణ్ణి కాపాడటానికే ఇదంతా. అయినా ఎదురు చెప్పే ధైర్యం లేక, తన సీసాలోంచే ఇరవై మిల్లీలీటర్లు కొలిచి పోసింది. రంగు తెలిపే మందు రెండు చుక్కలు వేసి బ్యూరెట్టు కుళాయి తిప్పింది. చివర్లో చుక్క చుక్కగా వదిలింది. గులాబీ రంగు నిలిచింది. వంగి, గీత కంటికి సమంగా పెట్టి చూసింది. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది.

నమ్మలేదు. ఫ్లాస్కు మళ్ళీ కడిగి, ఈసారి తనే గ్లాసుడు నీళ్ళు పోసి చేసింది. అదే అంకె.

“నీళ్ళు ఏం చేశాయమ్మా?” అన్నారు మాస్టారు.

“ఏమీ చెయ్యలేదు సార్. పోసిన ఆసిడ్ అంతే ఉంది.”

“మరి ఆసిడ్ ఏ సీసాలోది?”

“నాదే సార్,” అంటూనే ఆగిపోయింది. పిపెట్టు కొలిచిన ఇరవై కాకుండా, ఏ కొలతా లేకుండా రోజూ ఆ ఫ్లాస్కు అడుగున మిగిలిన చుక్కలు కళ్ళముందు మెదిలాయి.

మాస్టారు అర్జీని బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి, ఆమె వైపు జరిపారు.

“ఆసిడ్ ఎక్కువ పోశారన్న మాట నిజమేనమ్మా. పేరొక్కటే తప్పు పడింది. దిద్ది ఇస్తే సంతకం పెడతాను.”