దొరవారి తుమ్ము చట్టం

తెల్లదొరల ప్రభుత్వాన్ని ఒంటిచేత్తో వణికించిన మొనగాణ్ణి నేను.

సరే, వణికించలేదు. తుమ్మించాను.

అప్పట్లో నాది కొమిరిపాలెం జమీందారుగారి నస్యం డబ్బా మోసే ఉద్యోగం. ఆయన చెయ్యి చాపితే నేను మూత తియ్యాలి. అంతే పని.

ఓ పొద్దున రాజావారు చెయ్యి చాపలేదు. తల పట్టుకున్నారు.

"సముద్రపుటొడ్డున ఉప్పు వండిందని మన రేవు సూరమ్మని దొర జవాన్లు పట్టుకున్నారు. కాసేపట్లో బండెక్కించి పట్నం జైలుకి తోలుకుపోతారట. ఒక్క రాయి పడినా ఊరి మీద తుపాకులు పేలతాయి. రాయి పడకూడదు, ఆవిడ ఊరు దాటకూడదు. ఎవరు చేస్తారీ పని?"

దివాను నరహరిరావుగారు మీసం దువ్వారు. "నేను వెళ్లి దొరతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

వెళ్లారు. మాట్లాడారు. దొర కూడా రెండు ముక్కలే అన్నాడు. వాటి అర్థం మాత్రం దివానుగారు ఎవరికీ చెప్పలేదు.

"ప్రభూ, తమ నస్యం జాడీ ఇప్పించండి," అన్నాను నేను.

"మొత్తమా, ఒరే చిదంబరం?" సూరమ్మ మీద కంటే నస్యం మీదే ఆయనకి బెంగ ఎక్కువైనట్టుంది.

ఊరంతటికీ తలో చిటికెడు పంచాను. "ఒక్కసారే తుమ్మండి. రెండోది వస్తే మింగెయ్యండి. ఒంటితుమ్ముకే ఎవరైనా ఆగేది. జంటతుమ్ము శుభమని బయల్దేరిపోతారు."

జనం నోరు మెదపకుండా బండి చుట్టూ కూర్చున్నారు. బండివాడు ఎద్దుల్ని అదిలించాడు.

"హాచ్!"

బండి ఆగింది. జవాన్లు కూలబడి, మంచినీళ్లు తాగి, లేచారు.

"హాచ్!"

మళ్లీ కూలబడ్డారు. ఇలా కూర్చోవడం, లేవడంతోనే వాళ్ల కూజా ఖాళీ అయింది.

ఇంతలో ఘనతంతా తనకే దక్కాలని దివానుగారు గుప్పెడు నస్యం పీల్చేశారు.

"హాచ్! హాచ్!"

"జంటతుమ్ము!" జవాన్లు సంబరంగా లేచారు. బండి కదిలింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు బండిలోంచి సూరమ్మే, తీరిగ్గా, ఒక్కటంటే ఒక్కటి తుమ్మింది. బండి ఆగిపోయింది.

దొరకి తెలుగు వచ్చు. కోపం వస్తే ఇంకా బాగా వచ్చు. గుర్రం దిగి, జనం మధ్యకి వచ్చి, అరిచాడు.

"ఈ క్షణం నుంచి ఈ ఊళ్లో తుమ్మడం నేరం! ఎవరు తుమ్మినా జైలే!"

అంత పెద్ద చట్టం చేశాక ఆయాసం రాదా? గుండెల నిండా గాలి పీల్చాడు. అక్కడి గాలిలో సగం నస్యమే.

"హా... హాచ్!"

నేను బండి పక్కకి వెళ్లి, నడుం వంచి, దారి చూపించాను.

"దయచెయ్యండి దొరవారూ. సూరమ్మత్త పక్కన చోటుంది."

సూరమ్మ కాస్త జరిగి, గడ్డి సర్దింది. "రా నాయనా, సిగ్గుపడకు."

ముందు ఒక జవాను కిసుక్కుమన్నాడు. తర్వాత ఎవరూ ఆగలేదు. దొర మొహం మిరపపండైంది. "దింపెయ్యండి ఆవిణ్ణి!" అంటూ గుర్రమెక్కాడు. పోతూ పోతూ ఆ గుర్రం కూడా తుమ్మింది.

కొలువులో రాజావారు పొట్ట పట్టుకుని నవ్వి, వేలి ఉంగరం తీశారు. "ఇలా రారా, నీదే ఇది."

గర్వంగా లేచాను. సరిగ్గా అప్పుడే ఆయన తుమ్మారు. ఒక్కటే.

కొలువంతా నావైపే చూస్తోంది. ఇంకేం దాస్తాను?

కూర్చుని, మంచినీళ్లడిగాను.